అవతలి ఒడ్డున వైనెర్ దిగిన హోటలు

మా బీచిలో మధ్యాహ్నం భోంచేసినవాళ్ళు తిన్నది అరిగేదాకా నీళ్ళలో కాలు పెట్టరు. పెడితే పొట్ట బిగుసుకుపోయి మనిషి రాయిలా మునిగిపోతాడని అమ్మమ్మ నమ్మింది, అమ్మ నమ్ముతుంది, నేను నమ్మనుగానీ దిగను. ఎదురుగా సముద్రం పళ్ళెంలో నీళ్ళలా కదలకుండా పడుంటుంది, ఇసుక పెనంలా కాలుతుంటుంది, జనమంతా గొడుగుల కింద నీడ ఎటు జరిగితే అటు కుర్చీలు జరుపుకుంటూ కూర్చుంటారు. ఎక్కడికీ పోలేని ఆ జనమే వైనెర్‌కి కావాలి. మిగతా వేళల్లో అతను నోరు తెరిస్తే మనుషులు ఈత గుర్తొచ్చినట్టు లేచిపోతారు.

మాది మూడో వరస; నీళ్ళకి ఎంత దగ్గరైతే గొడుగుకి అంత అద్దె. ముందు వరస గొడుగులవాళ్ళని చూసి మేం మూతి తిప్పుకుంటాం, వెనక వరసలవాళ్ళు మమ్మల్ని చూసి తిప్పుకుంటారు. మా వరసంతా ఆగస్టులో దిగేది ఒకే ఇంట్లో, విల్లా ఈడాలో. లిఫ్టు లేదు, కిటికీలోంచి సముద్రం కనబడదు, పక్కింటివాళ్ళ చొక్కాలు కనబడతాయి. ఇవోన్ ఒక్కతే నడుపుతుంది, వంటా ఆవిడదే. వెళ్ళేరోజు దగ్గరపడగానే ఎవరో ఒకరు "మళ్ళీ ఏడు కూడా" అంటారు, ఆవిడ తలూపుతుంది, మా గదులు మాకుంటాయి. నాకు ఊహ తెలిసినప్పటినుంచీ అంతే.

ఈ ఏడు ఆ మాట ఎవరూ అనలేదు. దానికి కారణం వైనెర్.

వైనెర్ బొలోన్యాలో బస్సు నడిపి రిటైరయ్యాడు. పెళ్ళీ పెటాకులూ లేవు. జూన్‌లో ఒక్కడే కొండలు దాటి ఇటలీకి అవతలి ఒడ్డుకి, డబ్బున్నవాళ్ళు దిగే వెర్సీలియాకి వెళ్ళాడట. ఆగస్టు మొదటి రోజు పెట్టె దింపీ దింపకముందే ఆ ఊసు ఎత్తాడు, ఇంక దించలేదు. మొదట్లో నవ్వుకున్నాం. ఆ తర్వాత అమ్మ నవ్వడం మానేసింది. వెర్సీలియాలో దిగామని మోదెనాలో మా వీధివాళ్ళతో చెప్పుకోవడం ఎలా ఉంటుందో అమ్మ లోపల్లోపల చప్పరించి చూసుకుందని నాకు తెలుసు. నెలాఖరుకొచ్చేసరికి, వచ్చే ఆగస్టుకి వరసంతా మూటా ముల్లే కట్టుకుని వైనెర్ హోటలుకి పోదామన్న మాట పుట్టింది, పెరిగింది, ఇవోన్ చెవిలో కూడా పడింది.

ఆ రోజు ఇవోన్ భోజనాల గిన్నెలు అలాగే వదిలేసి, ఏప్రన్ విప్పకుండానే బీచికొచ్చింది. ఒళ్ళో ఒక పెద్ద గిన్నె, దాన్నిండా చిక్కుడుకాయలు. మా అందరిలోకీ పెద్దావిడైన ఆర్జియమ్మ కూర్చున్న పడక కుర్చీ అంచున తనూ కూర్చుని, ఉపోద్ఘాతం ఏమీ లేకుండా చెప్పింది.

"ఒకాయన నా ఇల్లు అడుగుతున్నాడు. పడగొట్టి ఫ్లాట్లు కడతాడట. మీ వరస రాకపోతే ఆగస్టులో సగం ఇల్లు ఖాళీ, తలుపులు తెరిచినా మూసినా ఒకటే. రాత్రికి ఆయనకి మాట చెప్పాలి. మీరేమనుకున్నారో చెప్పండి."

ఎవరూ ఎవరి మొహమూ చూడలేదు. నాన్న పేపరు ఎత్తి పట్టుకున్నాడు. అమ్మ మాత్రం గొంతు సవరించుకుని, మెత్తగా, కత్తికి వెన్న రాసినట్టు, "మాదేముంది ఇవోన్. వైనెర్, ఆ హోటలు సంగతి ఇవోన్‌కి కూడా చెప్పు. వింటే ఆవిడే అర్థం చేసుకుంటుంది," అంది.

"చెప్పనీ," అంది ఇవోన్, ఒక కాయ విరిచి. "ఇవి ఒలిచేదాకా నాకూ పొద్దుపోవాలిగా."

వైనెర్ ఇవోన్ వైపు చూశాడు. టోపీ తీశాడు, మళ్ళీ పెట్టుకున్నాడు.

"ఎందుకులే," అన్నాడు. వైనెర్ నోట ఆ మాట మేమెవరమూ వినలేదు.

"ఏరా, నాలిక్కి ఎండ తగిలిందా?" అన్నాడు నాన్న పేపరు వెనకనుంచి. నాన్నకి ఎక్కడికీ వెళ్ళాలని లేదు, అమ్మతో అనే ధైర్యమూ లేదు. అందుకని వైనెర్‌ని పొడుస్తుంటాడు.

అంతే. వైనెర్ కుర్చీలో ముందుకి జరిగాడు.

"చూడు ఇవోన్, నేను గొప్పలు చెప్పుకునే మనిషిని కాదు. ఎక్కడ దిగాలో తెలుసుకోవడం ఒక విద్య, అది నాకు అబ్బింది, దానికి నేనేం చెయ్యను? ఈ కాలం మనుషులున్నారే, సోఫాలో పడుకుని ఫోనులో బొమ్మలు చూసి, ఎవడో ముక్కూ మొహం తెలీనివాడు నాలుగు నక్షత్రాలిచ్చాడని పెట్టె సర్దేస్తారు. వాడికి ఆ పొద్దున్న వాళ్ళావిడతో పేచీ వచ్చి ఐదో నక్షత్రం మింగేశాడేమో వీడికేం తెలుసు? నేనలా కాదు. రైలు దిగాను, ఒడ్డుకెళ్ళాను, పెట్టె కింద పెట్టాను, సముద్రానికి వీపు తిప్పి నిలబడి హోటళ్ళ బాల్కనీలు చూశాను. బాల్కనీల్లో ఏముంటాయి?"

"కాళ్ళు చాపుకున్న జర్మన్లు," అన్నాడు నాన్న.

"తువ్వాళ్ళు! తువ్వాళ్ళు చూడాలి ఎర్మెస్. అంచుకి అంచు కలిపి, ఇస్త్రీ చేసినట్టు ఆరేసున్నాయా, ఆ హోటలు యజమానురాలు మనుషుల్ని హడలగొడుతుంది, అక్కడ దిగకూడదు. అసలు తువ్వాళ్ళే లేవా, లోపలున్నవాళ్ళు సముద్రాన్ని ఫొటో తీసుకోవడానికొచ్చిన బాపతు, వాళ్ళ పక్కన కూర్చుంటే తిన్నది ఒంటబట్టదు. ఒక తువ్వాలు జారుతూ, ఒకటి కింది బాల్కనీవాడి నెత్తిన పడుతూ, ఒకటి మడతలో పీతతో సహా వేలాడుతూ ఉండాలి. అదీ మనుషులు దిగే చోటు."

"పీతా?" అంది ఆర్జియమ్మ.

"చిన్నదే."

ఇక్కడిదాకా ఎవరికీ అభ్యంతరం లేదు. తువ్వాళ్ళ సంగతిలో ఏదో ఉందని నాన్న కూడా లోగడ ఒప్పుకున్నాడు. పీత మాత్రం కొత్త.

"అలా చూస్తున్నానా, లోపల కలకలం. నిలబడ్డ తీరులోనే తెలిసిపోతుంది కదా, వీడు మామూలు మనిషి కాదు, చూపున్నవాడు అని. యజమాని పరుగెత్తుకొచ్చాడు, మెడలో భోజనం గుడ్డ, నోట్లో ఇంకా నమలని మాంసం. 'అయ్యా, ఏదైనా లోపం కనబడిందా?' అన్నాడు. నేనేమీ అనలేదు. ఏమీ అనకపోవడమే అసలు కిటుకు."

"నువ్వు. ఏమీ అనలేదు," అన్నాడు నాన్న.

"ఒక్క అక్షరం అన్లేదు. దాంతో పక్క హోటలువాడు చూశాడు, ఈ పెద్దమనిషి అక్కడ దిగితే మన గతేమిటని వాడూ వచ్చాడు, వాణ్ణి చూసి ఆ పక్కవాడు. ఒకడు వాళ్ళమ్మని వెంటబెట్టుకొచ్చాడు, 'వంట ఈవిడదే, చేతులు చూడండి' అని. ఇంకొకడు మంచాన్నే నెత్తిన పెట్టుకొచ్చాడు, పరుపుతో సహా, 'పడుకు చూడండి' అంటాడు. ఒకణ్ణి చూసి ఒకడు, ఇంక ఒడ్డు పొడుగునా మంచాలే. రోడ్డు ఆగిపోయింది, బస్సులాగిపోయాయి, నేను ఒక్కో మంచం మీద ఇలా వాలుతూ, లేస్తూ, తల అడ్డంగా ఊపుతూ వెళుతున్నాను. ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఒక మంచం మీద నిజంగానే నిద్ర పట్టేసింది. మెలకువొచ్చి చూస్తే ఊరు ఊరంతా చెప్పులు చేతబట్టుకుని మునివేళ్ళమీద నడుస్తోంది. చర్చి గంటకి ఎవరో దుప్పటి చుట్టారు."

"విన్నావా ఇవోన్," అంది అమ్మ. "అక్కడి మర్యాదలు వేరు."

ఇవోన్ వింటోంది. గింజలు గిన్నెలో పడుతున్నాయి, తొక్కలు కాళ్ళ దగ్గర ఇసుకలో పడుతున్నాయి.

"సరే, ఆ మంచం ఎవరిదో ఆ హోటల్లోనే దిగాను. పేరు చెప్పను, చెబితే ముందు వరసవాళ్ళు విని ఎగబడతారు. మొదటిరోజు భోజనానికి కూర్చున్నాను. ఆ ప్రాంతం రొట్టెలో ఉప్పుండదు, తెలుసుగా?"

"తాతల కాలంనుంచీ అంతే," అంది ఆర్జియమ్మ. "వాళ్ళకదే ఇష్టం."

"ఇష్టం కాదు, పాపం, వాళ్ళకి చెప్పినవాడు లేడు. నేను ఒక ముక్క కొరికాను, పళ్ళెం పక్కన పెట్టాను. ఏమీ అనలేదు. వంటవాడు తలుపు సందులోంచి చూస్తున్నాడు, ఎంత మొనగాడు, ఈ గుంజంత చేతులు, తలుపు పట్టుకుని వెక్కివెక్కి ఏడ్చాడు. మర్నాడు మా హోటలు రొట్టెలో ఉప్పు. ఆ మర్నాడు వీధిలో ఉప్పు. వారం తిరగలేదు, ఊళ్ళో రొట్టెలన్నిట్లో ఉప్పు. ఊళ్ళో ఉన్న ఉప్పు ఎక్కడ చాలుతుంది? సముద్రంలోంచి తోడుకున్నారు. పగలూ రాత్రీ తోడారు. తోడగా తోడగా ఒడ్డున నీళ్ళు చప్పబడిపోయి, చేపలకి పడక, తల పైకెత్తి దగ్గడం మొదలుపెట్టాయి."

నాన్న పేపరు దించాడు.

"చేపలు దగ్గాయి."

"నా చెవులతో విన్నాను ఎర్మెస్. చిన్నవాటిది పొడి దగ్గు. పెద్దవాటికి కఫం."

పక్క గొడుగు కింద ఎవరో కిసుక్కుమన్నారు. అమ్మ అటు తిరిగి ఒక చూపు చూసింది. నవ్వితే వెర్సీలియా చేజారిపోతుందన్నట్టు.

"అది వదిలెయ్. అసలు సంగతి గది. నాకిచ్చిన గది కొండల వైపు. తలుపు తీయగానే కొండలు, తెల్లగా, పాలరాయి తవ్వుకునే కొండలు. అందంగానే ఉన్నాయి కానీ సముద్రానికి వచ్చినవాడు రాళ్ళు చూస్తూ కూర్చుంటాడా? నేనేమీ అనలేదు."

"అనవుగా," అన్నాడు నాన్న.

"యజమానే నా మొహం చూసి కనిపెట్టాడు. 'అయ్యా, సముద్రం వైపు గదులన్నిట్లో మనుషులున్నారు, లేపి పంపలేను, మిమ్మల్ని ఇలా ఉంచనూలేను, నాకు ముద్ద దిగడం లేదు' అని చేతులు నలుపుకున్నాడు. తెగించేశాడు. కొండమీద రాయి తవ్వేవాళ్ళకి కబురంపాడు. వాళ్ళు ఇళ్ళంత రాళ్ళని దూలాలకి సబ్బు రాసి, వాటిమీద జార్చుకుంటూ కొండ దింపే మనుషులు, వాళ్ళకి హోటలొక లెక్కా? మధ్యాహ్నం అందరూ కునుకు తీస్తున్న వేళ చూసి వచ్చారు. హోటలు కిందకి దూలాలు తోశారు, సబ్బు రాశారు, తాళ్ళు కట్టారు, 'హైలెస్సా' అన్నారు, మెల్లిగా అన్నారు, జనం లేవకుండా. హోటలు ఇలా, గడియారం ముల్లులా తిరిగి నా గది సముద్రం వైపుకొచ్చి ఆగింది. ఒక్క గ్లాసులో నీళ్ళు తొణకలేదు. ఒకాయన మాత్రం, పాపం, బాత్రూముకి లేచాడు. పని చూసుకుని బయటికి అడుగు పెట్టేసరికి నడవా ఉండాల్సిన చోట కూరగాయల అంగడి ఉంది. పైజమాతో పోయి టమాటాల్లో నిలబడ్డాడు."

ఈసారి ఆర్జియమ్మ కూడా నవ్వింది. నాకూ నవ్వొచ్చింది. ఇవోన్ నవ్వలేదు, తప్పుపట్టనూలేదు. ఒక పుచ్చు గింజ ఏరి పక్కన పారేసింది.

అది చూసి వైనెర్‌కి ఏమనిపించిందో, గొంతు పెంచాడు.

"మర్నాడు పొద్దున్నే కిటికీ రెక్కలు తోశాను. ఎదురుగా సముద్రం. అబ్బ, ఏం చెప్పను, ఎర్రగా, కోడిగుడ్డు పచ్చసొనలా, సముద్రంలోంచి సూర్యుడు అలా అలా పైకి లేస్తున్నాడు..."

"ఆగు," అన్నాడు నాన్న.

వైనెర్ ఆగాడు.

"అవతలి ఒడ్డున సముద్రం పడమటి దిక్కురా వైనెర్. అక్కడ సూర్యుడు సముద్రంలో మునుగుతాడు. లేచేది కొండల్లోంచి. సముద్రంలోంచి లేచేది ఇక్కడ. మన ఒడ్డున."

అది అబద్ధమాడేవాడు చేసే తప్పు కాదు. ఈ ఒడ్డు తప్ప ఇంకో ఒడ్డు ఎరగనివాడు చేసే తప్పు. చిన్నప్పటినుంచీ పొద్దున్నే సూర్యుణ్ణి సముద్రంలోంచి తీసి చూపించిన ఊళ్ళో ప్రతి ఆగస్టూ గడిపితే, ఎక్కడి సముద్రమైనా అదే పని చేస్తుందనుకుంటాం.

ఆ క్షణంలో వైనెర్ కథలోంచి దిగిపోయి ఉండవచ్చు. నవ్వేసి, 'సరే, పట్టుకున్నావు' అని ఉంటే అక్కడితో అయిపోయేది. అతని కళ్ళు ఇవోన్ వైపు వెళ్ళడం చూశాను. నోరు కూడా తెరిచాడు.

కానీ అమ్మ అడ్డుపడింది. "హోటలు తిప్పారు కదా," అంది. "అందుకేనేమో."

"హోటలు తిప్పారే. సముద్రాన్ని తిప్పలేదుగా లొరెట్టా!"

"వాళ్ళ ఏర్పాట్లు మనకేం తెలుసు? చెప్పనివ్వండి."

పడిపోతున్నవాడికి నిచ్చెన అందించింది అమ్మ. వైనెర్ ఎక్కకుండా ఉంటాడా?

"వదిన పట్టేసింది," అన్నాడు, చెమట తుడుచుకుని. "చెప్పకూడదనుకున్నాను, అది వాళ్ళ రహస్యం. ఎర్మెస్, నువ్వన్నది నిజం, అక్కడ సూర్యుడు కొండల్లోంచే లేస్తాడు. కానీ నాకు చిన్నప్పటినుంచీ సముద్రంలోంచి లేచిన సూర్యుణ్ణి చూడకుండా కాఫీ దిగదు. ఆ మాట నేను అనలేదు, యజమాని నా కప్పులో మిగిలిన కాఫీ చూసి పసిగట్టాడు. ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఊరంతా చాటింపు వేయించాడు. బీరువాల అద్దాలు, మంగలి షాపుల అద్దాలు, ఆడవాళ్ళ సంచుల్లో అరచేతి అద్దాలు, ఉన్నవన్నీ తెచ్చి ఒక ఓడకి బిగించారు. ఓడని సముద్రంలో నిలబెట్టారు. కొండల్లోంచి సూర్యుడు ఇలా తొంగి చూడగానే ఆ వెలుగు అద్దాల్లో పట్టుకుని, తాళ్ళతో మెల్లమెల్లగా పైకి లాగడం. నా కోసం. నా ఒక్కడి కోసం!"

"అద్దాల ఓడ," అన్నాడు నాన్న, నీరసంగా.

"మొదటిరోజు కొత్త కదా, ఒకడు తాడు గబుక్కున లాగేశాడు. కాఫీ నోటిదాకా వచ్చేసరికి మిట్టమధ్యాహ్నమైంది. కోళ్ళు ఇటు తిరిగి ఒకసారి కూశాయి, అటు తిరిగి ఒకసారి కూశాయి. మనిషికి రెండేసి నీడలు. ఒకాయనకైతే ఆ రెండు నీడలకీ పడలేదు, ఎటు నడవాలో తెలీక అక్కడే కూలబడ్డాడు. ఊళ్ళో అద్దం లేక మగవాళ్ళందరికీ గడ్డాలు తెగాయి. ఎవరైనా ఒక్క మాట అన్నారా? అనలేదు! గడ్డానికి దూది అంటించుకుని, 'వైనెర్‌గారూ, సూర్యుడు సరిగ్గా లేచాడా?' అని అడిగిపోయేవారు. నేను తిరిగొచ్చేస్తుంటే స్టేషనుదాకా వచ్చి ఏడ్చారు. 'మీరు లేకపోతే మేం ఎవరికోసం లేపాలి?' అన్నారు. అప్పుడు మాటిచ్చాను. మళ్ళీ ఆగస్టుకి నేనొక్కణ్ణి కాదు, మా వరసంతా వస్తుందన్నాను. వినండి, మనకి ఒక అంతస్తు అంతస్తంతా ఉంచారు. ఆర్జియమ్మకి మోకాళ్ళ నొప్పులని చెప్పాను, మెట్లు దిగే పని లేకుండా సముద్రాన్నే పై అంతస్తుదాకా తెస్తామన్నారు. లొరెట్టా వదిన పేరు పళ్ళేల మీద బంగారంతో..."

అమ్మ కళ్ళు ఎక్కడో ఉన్నాయి. పిచ్చిది కాదు అమ్మ. చేపల దగ్గు నమ్మలేదు, ఓడ నమ్మలేదు. కానీ అవన్నీ తీసేస్తే అడుగున ఏదో ఒక హోటలు ఉంటుందని, అది విల్లా ఈడాకంటే గొప్పదే అయ్యుంటుందని నమ్మింది. మేమందరం అంతో ఇంతో అదే నమ్మాం.

ఇవోన్ చివరి కాయ ఒలిచింది. గిన్నె అటూ ఇటూ కుదిపి గింజలు సమం చేసింది.

"ఎన్నాళ్ళున్నావు అక్కడ?" అని అడిగింది.

వైనెర్ బంగారు పళ్ళెం దగ్గర ఆగిపోయాడు.

"ఎన్నాళ్ళంటే... జూన్‌లో..."

"జూనంతానా?"

"దాదాపు."

"మరి జూన్‌లో మా ఇస్త్రీ గది పక్కన చిన్న గదిలో పడుకుని, సాయంత్రమైతే వంటింట్లో నా ఎదురుగా కూర్చుని బటాణీలు ఒలిచింది ఎవరు?"

ఎవరికీ ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక నాన్న, "ఒరేయ్," అన్నాడు. అందులో కోపం కంటే ఆశ్చర్యమే ఎక్కువ.

"వెళ్ళాడు," అంది ఇవోన్. "లేదనను. ఒక్క రాత్రి ఉన్నాడు. భోజనాల గదిలో ఎవరి బల్ల వాళ్ళదేనట. పక్క బల్లవాళ్ళతో ఏదో మొదలుపెడితే కుర్చీ అటు తిప్పుకున్నారట. మర్నాడే రైలెక్కి తిన్నగా నా వంటింటి తలుపు దగ్గరికొచ్చి నిలబడ్డాడు, పెట్టెతో. మీకెవరికీ చెప్పొద్దన్నాడు, చెప్పలేదు. ఈ నెలంతా మీకు చెప్పిన కోతలన్నీ నేను గిన్నెలు తోముతూ విన్నాను. అయినా చెప్పలేదు. మీరు మనుషులే కదా, ఎక్కడో ఒకచోట 'చాల్లేరా' అంటారనుకున్నాను."

వైనెర్ టోపీని కళ్ళమీదికి దించుకున్నాడు. నిద్రపోతున్నవాడిలా.

"వీడికి కోతలు కొయ్యడం జబ్బు. నాకు తెలుసు, వీడికీ తెలుసు. మీకేం జబ్బు? చేపలు దగ్గాయంటే విన్నారు. ఇల్లు సబ్బు మీద తిరిగిందంటే విన్నారు. సూర్యుణ్ణి తాళ్ళేసి లాగారంటే, లొరెట్టా, నువ్వు నిచ్చెన వేసి మరీ ఎక్కించావు. అదంతా అబద్ధమని తెలిసీ, నా ఇంటికంటే అదే నయమనిపించింది నీకు."

"అయ్యో, ఏదో సరదాకి ఇవోన్!" అమ్మ మొహం ఎర్ర గొడుగు రంగులోకి తిరిగింది. "నువ్వు మరీను. ఎక్కడికి పోతాం మేము? మళ్ళీ ఏడు కూడా, ఎప్పట్లాగే. ఏమండీ, చెప్పరేం?"

"మళ్ళీ ఏడు కూడా," అన్నాడు నాన్న.

"నేను మాత్రం ఏమీ అనలేదమ్మా," అంది ఆర్జియమ్మ.

"అదే. ఏమీ అనలేదు."

ఇవోన్ లేచి నిలబడి ఏప్రన్‌కి అంటిన తొక్కలు దులుపుకుంది.

"ఇల్లు అమ్మడం లేదు. ఆయన్ని పొద్దున్నే పంపించేశాను. మీ నోటినుంచి ఏమొస్తుందో విందామని వచ్చాను, విన్నాను. వచ్చే ఆగస్టుకి గది కావలసినవాళ్ళు ఫోన్ చెయ్యండి. కొత్తవాళ్ళు చేసినట్టే. పేరు చెప్పండి, ఎంతమందో చెప్పండి. ఖాళీ ఉంటే చెబుతాను."

"ఫోనా?" అంది అమ్మ, అదేదో రోగం పేరులా. "మేమా?"

"మీరే."

"మేం రాకపోతే ఇల్లు సగం ఖాళీ అన్నావుగా?"

"ఖాళీగా ఉంటే నేనే దిగుతాను నా ఇంట్లో. కుర్చీ ఎండలో వేసుకుని కూర్చుంటాను. ఇన్నేళ్ళలో ఒక్క ఆగస్టు కూర్చోలేదు."

నాన్న, టోపీ కింది మనిషి వైపు చెయ్యి చూపించాడు. "మరి వీడో? వీడూ ఫోన్ చెయ్యాల్సిందేనా?"

"వీడెందుకు? జూన్‌లో వెళ్ళేరోజునే అడిగి పెట్టుకున్నాడు, మళ్ళీ ఏడు ఆగస్టుకి ఆ చిన్న గది తనకే ఉంచమని. ఉంచాను."

అని గిన్నె చంకనెత్తుకుని నడిచింది.

అప్పుడు మా వరస వరసంతా వైనెర్ వైపు తిరిగింది. నెల రోజులుగా మమ్మల్ని పెట్టెలు సర్దుకోమంటున్న ఆ మనిషి. విల్లా ఈడాలో గది ఉన్నది ఇప్పుడు అతనొక్కడికే.

టోపీ మెల్లిగా పైకి లేచింది. "నిజానికి," అన్నాడు లోపలనుంచి, "ఆ గది నాకెలా దొరికిందో తెలుసా..."

"నోర్ముయ్యరా," అన్నాడు నాన్న.

చుట్టుపక్కల గొడుగుల కిందనుంచి జనం లేస్తున్నారు. అరగాల్సింది అరిగింది కాబోలు, కేకలు పెట్టుకుంటూ నీళ్ళలోకి పరుగెడుతున్నారు. మా వరసలో ఎవరూ కదల్లేదు. అమ్మ సంచిలోంచి కళ్ళజోడు తీసింది, ఫోన్ తీసింది, తెర వంక చూస్తూ కూర్చుంది. ఎంతసేపటికీ వేలు కదలకపోతే నేనే అడిగాను, ఏమైందని.

"నంబరు," అంది.

నా దగ్గర లేదు. నాన్న దగ్గర లేదు. ఆర్జియమ్మ దగ్గర ఫోనే లేదు. ఇన్నేళ్ళలో ఆ ఇంటికి ఫోన్ చేసే అవసరం మాలో ఎవరికీ రాలేదు.

వైనెర్ సముద్రం వైపే చూస్తూ, ఎవరూ అడక్కుండానే, ఒక్కో అంకె నెమ్మదిగా చెప్పాడు. కాయితం చూడలేదు, తడుముకోలేదు. అమ్మ అతని మొహం చూడకుండా ఒక్కో అంకె నొక్కి, ఫోన్ చెవికి ఆనించుకుంది. అవతల, ఎత్తేవాళ్ళు లేని ఇంట్లో, మోగుతోంది. నా దాకా వినబడుతోంది.

ఇవోన్ ఇంకా ఇసుక దాటలేదు. చెక్క బాట దగ్గర ఆగి, గిన్నె కింద పెట్టి, ఒక చెప్పు విప్పి ఇసుక దులిపి తొడుక్కుంది. తర్వాత రెండోది విప్పింది.